హెడ్డాఫీసు తిరుపతిలోనా, చెన్నైలోనా? రాయితీ కాగితం చూసే ముందు వేసుకోవాల్సిన లెక్క

రేణిగుంట రోడ్డులో ఉన్న నా ఆఫీసుకు వచ్చేవాళ్లలో సగం మంది కుర్చీలో కూర్చోకముందే ఒకటే అడుగుతారు. "సార్, కంపెనీ ఎక్కడ పెడితే గవర్నమెంటు ఎక్కువిస్తుంది?" పరిశ్రమల సబ్సిడీ ఫైళ్లు తయారుచేసి పెట్టడం నా పని కాబట్టి ఆ ప్రశ్నే నాకు అన్నం పెడుతోంది. అయినా నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. "మీరు పెట్టేది అడ్రసా, ఆఫీసా, ఫ్యాక్టరీనా?"

ఈ మూడూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. రిజిస్టర్డ్ ఆఫీసు అంటే కంపెనీల చట్టం ప్రకారం నోటీసులు వచ్చే అడ్రసు. కార్పొరేట్ ఆఫీసు, అదే మనం హెడ్డాఫీసు అనేది, అంటే యజమాని, అకౌంట్లు, సేల్స్ వాళ్లు కూర్చునే చోటు. ఫ్యాక్టరీ అంటే సరుకు తయారయ్యే చోటు. మూడూ మూడు రాష్ట్రాల్లో ఉన్నా చట్టానికి అభ్యంతరం లేదు. మన దేశంలో రాష్ట్రాలు ఇచ్చే రాయితీ దాదాపు అంతా మూడోదానికే వస్తుంది. రెండోదానికి కొంత వస్తుంది, అదీ వందల్లో వేలల్లో ఉద్యోగాలు చూపించే ఐటీ కంపెనీలకు. మొదటిదానికి ఏమీ రాదు.

మన జిల్లాలోనే చూడండి. 1985లో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన అమరరాజా రిజిస్టర్డ్ ఆఫీసు కరకంబాడిలో ఉంది. 2022 డిసెంబరులో అదే కంపెనీ తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల బ్యాటరీ ఫ్యాక్టరీ ప్రకటించింది. ఆ వారమంతా తిరుపతి టీకొట్ల దగ్గర 'కంపెనీ వెళ్లిపోయింది' అన్న మాటే. అడ్రసు ఎక్కడికీ పోలేదు. పోయింది కొత్త పెట్టుబడి. రాష్ట్రాలు పోటీపడేదీ దానికోసమే.

అమెరికాలో కథ వేరు. అక్కడ హెడ్డాఫీసు కోసమే ఊళ్లు వేలం పాడతాయి. 2017 సెప్టెంబరులో అమెజాన్ రెండో హెడ్డాఫీసు పెడతామంటే 238 ప్రతిపాదనలు వెళ్లాయి. 2018 నవంబరులో న్యూయార్కునూ, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌నూ ఎంచుకున్నారు. న్యూయార్కు ఇస్తానన్నది దాదాపు 300 కోట్ల డాలర్లు. స్థానికులు గొడవ చేసేసరికి 2019 ఫిబ్రవరిలో అమెజాన్ అక్కడినుంచి తప్పుకుంది. బోయింగ్ 2001లో సియాటిల్ నుంచి షికాగోకు రాయితీలు తీసుకుని వెళ్లింది. 2022లో అక్కడినుంచి ఆర్లింగ్టన్‌కు మారుతున్నట్టు చెప్పింది.

ఆ వార్తలు చదివి మనవాళ్లు ఇక్కడా అలాగే అనుకుంటారు. తేడా పన్నుల దగ్గర ఉంది. అక్కడ రాష్ట్రాలూ ఊళ్లూ ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను సొంతంగా వసూలు చేసుకుంటాయి. పెద్ద జీతాల ఆఫీసు వస్తే వాళ్లకు నేరుగా రాబడి. ఇక్కడ కంపెనీ పన్నూ, ఉద్యోగి ఆదాయపు పన్నూ రెండూ కేంద్రానికే పోతాయి. పంచే పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి 15వ ఆర్థిక సంఘం 41 శాతం వాటా పెట్టింది, కానీ ఏ రాష్ట్రానికి ఎంత అన్నది పన్ను ఎక్కడ కట్టారన్న దాన్నిబట్టి పంచరు. మీరు తిరుపతిలో హెడ్డాఫీసు పెట్టి ఇరవై మందిని కూర్చోబెడితే రాష్ట్ర ఖజానాకు వచ్చేది కాస్త వృత్తి పన్ను, ఇంకాస్త కరెంటు బిల్లు. అంతమాత్రానికి ఎవరు రాయితీ ఇస్తారు చెప్పండి?

కాబట్టి కింద చెప్పేదంతా ఎక్కువగా ఫ్యాక్టరీ గురించే. ఆఫీసు సంగతి చివర్లో చెప్తాను.

శ్రీసిటీ

సత్యవేడు పక్కన, తడ దగ్గర, చెన్నైకి సుమారు 55 కిలోమీటర్లు. 2008లో మొదలైంది. ఇసుజు, కొబెల్కో, మాండెలీజ్, ఆల్‌స్టామ్, డైకిన్ అందరూ అక్కడే. 2025 మేలో ఎల్‌జీ 5,000 కోట్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. ఇంతమంది అక్కడికి ఎందుకు వచ్చారో అర్థమైతే ఈ విషయం సగం అర్థమైనట్టే. ఓడరేవు చెన్నైది, ఇంజినీర్లు చెన్నైవాళ్లు, విమానాశ్రయం చెన్నైది, రాయితీ ఆంధ్రది. సరిహద్దు దాటి అరగంట పోతే గుమ్మిడిపూండి. అది తిరువళ్లూరు జిల్లా. తమిళనాడు 2021 పారిశ్రామిక విధానంలో చెన్నై, తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాలను 'ఏ' తరగతిలో పెట్టారు. అంటే ఇప్పటికే పరిశ్రమలున్న చోటు కాబట్టి ప్రోత్సాహం తక్కువ. వాళ్లు దక్షిణ జిల్లాలకు ఎక్కువిస్తారు. మీకు చెన్నై రేవు కావాలి, రాయితీ కూడా కావాలి అంటే శ్రీసిటీకి పోటీ లేదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. అది ప్రైవేటు పారిశ్రామిక నగరం, స్థలం ధర వాళ్ల ధరే. పది కోట్ల పెట్టుబడి పెట్టే చిన్న యూనిట్‌కు అందులో ఎక్కువ భాగం భూమికే పోతుంది. రాయితీ లెక్కలో భూమి విలువకు పరిమితి పెడతారన్నది గుర్తుపెట్టుకోండి.

రేణిగుంట, ఏర్పేడు వైపు

ఎలక్ట్రానిక్స్ అయితే ఇంకోచోటు వెతకాల్సిన పనిలేదు. ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లలో డిక్సన్, టీసీఎల్ వాళ్లు ఉన్నారు. పక్కనే విమానాశ్రయం. ఏర్పేడులో ఐఐటీ, దానికి దగ్గర్లోనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్, రెండూ 2015లో వచ్చినవి. ఆడపిల్లలు షిఫ్టు పనికి రావడానికి ఊళ్లనుంచి బస్సులు నడుస్తున్నాయి. అలాంటి చోట్ల మనుషుల్ని వెతకడానికి నెలలు పట్టదు. భూమి ఏపీఐఐసీది (పరిశ్రమలకు స్థలాలిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) అయితే ధర తక్కువ, షరతులు ఎక్కువ. ఇచ్చిన గడువులో యూనిట్ కట్టకపోతే వెనక్కి తీసుకుంటారు. 'ముందు స్థలం తీసి పెట్టుకుందాం, తర్వాత చూద్దాం' అనే మన అలవాటు అక్కడ చెల్లదు.

చిత్తూరు, గుడిపాల, పలమనేరు వైపు

ఇక్కడ లెక్కంతా తోతాపురి మామిడితో మొదలవుతుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ముడిసరుకు దగ్గరుండాలి. కోసిన కాయ లారీలో రెండు రోజులు ఎండకు నిలబడితే రాయితీ ఎంతొచ్చినా ఆ నష్టం పూడదు. ఇక్కడ గుజ్జు యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు 2025 సీజన్‌ను ఒకసారి గుర్తుచేసుకోవాలి. ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని లెక్క కట్టారు. జూన్‌లో పక్క రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. కోలారు వైపు శ్రీనివాసపురం రైతుల కాయ ఎప్పటినుంచో మన ఫ్యాక్టరీలకే వస్తుంది. దానిమీద కర్ణాటక ముఖ్యమంత్రే ఉత్తరం రాశారు. మీ ముడిసరుకులో సగం సరిహద్దు అవతలినుంచి వచ్చేదయితే, ప్రభుత్వం ఒక చేత్తో సబ్సిడీ ఇచ్చి ఇంకో చేత్తో గేటు వేసే రోజు కూడా వస్తుందని లెక్కలో రాసుకోండి. ఆ రిస్కు కృష్ణగిరిలో పెట్టినా ఉంటుంది, కోలారులో పెట్టినా ఉంటుంది. కాయ ఎక్కువ ఏ వైపునుంచి వస్తుందో ఆ వైపే కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం.

బెంగళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఈ జిల్లా మీదుగానే పోతోంది. గుడిపాల దగ్గర భూముల ధరలు అప్పుడే ఆ రోడ్డు మీద పరిగెడుతున్నాయి.

సరిహద్దు దాటితే

హోసూరు, కోలారు దగ్గరి నరసాపుర, ఈ రెండింటి గురించి అడుగుతుంటారు. నరసాపురలో హోండా ఉంది, పూర్వం విస్ట్రాన్ నడిపి ఇప్పుడు టాటా ఎలక్ట్రానిక్స్ చేతిలో ఉన్న ఐఫోన్ల ఫ్యాక్టరీ ఉంది. మీరు వాళ్లకు విడిభాగాలు చేసేవాళ్లయితే అక్కడికే వెళ్లండి, నన్ను అడగక్కర్లేదు. కొనేవాడి గేటు పక్కన ఉండటం కన్నా పెద్ద రాయితీ లేదు. అలాంటి ఆర్డరు చేతిలో లేకుండా కర్ణాటక రాయితీ చూసి పోవడం మాత్రం వద్దంటాను. అక్కడా బెంగళూరు చుట్టూ తక్కువిచ్చి, వెనకబడిన తాలూకాలకు ఎక్కువిస్తారు. ఎక్కువిచ్చే తాలూకా మీకు పలమనేరుకన్నా దూరమే అవుతుంది.

ఇక విశాఖ. 2025లో టీసీఎస్‌కు అక్కడ 21.16 ఎకరాలు ఎకరా 99 పైసలకు ఇచ్చారన్న వార్త వచ్చిన మర్నాడే ఒక ఆసామి ఫోన్ చేసి, "మనకు రూపాయికి ఇచ్చినా చాలు సార్, ఒక పైసా మిగులు వాళ్లకే" అన్నాడు. అది వేల ఉద్యోగాలు ఇచ్చే దిగ్గజాలకు పెట్టిన ధర. యాభై మంది కంపెనీకి ఆ తలుపు లేదు.

రాయితీ విలువ ఎంతో నిజంగా లెక్కవేస్తే

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నా దగ్గరకు వచ్చేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే.

మాటవరసకు మీ పెట్టుబడి 20 కోట్లు, సబ్సిడీ 15 శాతం అనుకుందాం. అంటే 3 కోట్లు. ప్రాజెక్టు రిపోర్టులో ఆ 3 కోట్లు మొదటి ఏడాదే వచ్చినట్టు రాస్తారు, బ్యాంకు మేనేజరు కూడా తల ఊపుతాడు. నిజంగా జరిగేది ఇది. ముందు ఉత్పత్తి మొదలవ్వాలి, తర్వాత క్లెయిము పెట్టాలి, తనిఖీ జరగాలి, మంజూరు కమిటీ కూర్చోవాలి, ఆ తర్వాత బడ్జెట్లో డబ్బు ఉండాలి. మంజూరు పత్రం అంటే తిరుమలలో సర్వదర్శనం టోకెన్ లాంటిది. టోకెన్ చేతిలో ఉంది కదా అని దర్శనం అయినట్టు కాదు. కంపార్టుమెంట్లో కూర్చోవాలి.

ఆ 3 కోట్లు మూడో ఏడాది నుంచి ఏటా 60 లక్షల చొప్పున అయిదేళ్లు వచ్చాయనుకోండి. మీరు బ్యాంకుకు కట్టే వడ్డీ 11 శాతం. ఆలస్యంగా వచ్చే రూపాయి విలువ తక్కువ కాబట్టి, ఆ వడ్డీ లెక్కన వెనక్కి లాగితే ఈ రోజు విలువ సుమారు 1 కోటి 80 లక్షలు. మూడులో ఒకటీ ఇరవై కాలానికే పోయింది.

ఇప్పుడు ఎదురు లెక్క. రాయితీ ఎక్కువని కొనేవాళ్లకు దూరంగా వెళ్లారు. లారీకి 2,000 రూపాయలు అదనంగా పడింది. రోజుకు పది లారీలు, ఏడాదికి 300 రోజులు. ఏటా 60 లక్షలు. ఇదే 11 శాతం లెక్కన వెనక్కి లాగినా నాలుగేళ్లకు ఆ 1.80 కోట్లూ డీజిల్లో కాలిపోయాయి. అయిదో ఏడాది నుంచి చేతి డబ్బు.

రాయితీలను ఎస్క్రో ఖాతా (ఆ పనికే డబ్బు విడిగా పెట్టే ఖాతా) ద్వారా ఆలస్యం లేకుండా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడు చెబుతోంది. అది నడిస్తే నా లెక్కలో ఆలస్యం తగ్గిస్తాను, సంతోషంగా తగ్గిస్తాను. నడిచేదాకా పాత లెక్కే వేస్తాను.

రెండోది ఎస్‌జీఎస్‌టీ, అంటే జీఎస్‌టీలో రాష్ట్రం వాటా, తిరిగి ఇవ్వడం. కాగితం మీద ఇది పెద్ద అంకెలా కనిపిస్తుంది. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక పన్ను సరుకు వాడే రాష్ట్రానికి పోతుంది. శ్రీసిటీలో తయారై చెన్నైకి పోయే సరుకు మీద కట్టేది ఐజీఎస్‌టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద కేంద్రం వసూలు చేసే పన్ను. అందులో ఆంధ్రకు మిగిలేది లేదు కాబట్టి తిరిగి ఇచ్చేదీ లేదు. మీ వంద లారీల్లో ఎనభై చెన్నైకీ బెంగళూరుకీ పోతుంటే, ఈ రాయితీ మీకు ఇరవై లారీల మీదే. అదీ ముడిసరుకు మీద కట్టిన పన్ను తీసేశాక మిగిలిన నికర మొత్తం మీదే. మన జిల్లా మూడు రాష్ట్రాల ముడి దగ్గర ఉంది. ఇక్కడినుంచి సరుకు ఎక్కువగా బయటికే పోతుంది. అందుకే తిరుపతి, చిత్తూరు కంపెనీలకు పెట్టుబడి సబ్సిడీ, కరెంటు రాయితీ, స్టాంపు డ్యూటీ వాపసు ఈ మూడే ముఖ్యం. ఎస్‌జీఎస్‌టీ గడిలో సున్నా వేసుకోండి, వస్తే లాభం. సరుకంతా కోస్తా జిల్లాల్లో అమ్మేవాళ్లకు మాత్రం ఇదే అన్నిటికన్నా పెద్ద రాయితీ.

మూడోది, గడువు తీరిన రాయితీలు. ఉమ్మడి చిత్తూరు జిల్లా వెనకబడిన ప్రాంతాల జాబితాలో ఉన్నందుకు ఆదాయపు పన్నులో యంత్రాల మీద అదనంగా 15 శాతం మినహాయింపు ఉండేది. అది 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకానే. కొత్త తయారీ కంపెనీకి 15 శాతం పన్ను అన్నది 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టినవాళ్లకే. ఈ రెంటినీ ఇప్పటికీ రిపోర్టుల్లో రాసే కన్సల్టెంట్లు ఉన్నారు. నా వృత్తివాళ్లే, ఏం చెప్పను.

వెనకటి తరం వాళ్లయితే శ్రీకాళహస్తి దగ్గరి మన్నవరం పేరెత్తుతారు. 2010 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ ఎన్టీపీసీ, భెల్ ఉమ్మడి విద్యుత్ యంత్రాల ప్రాజెక్టుకు అక్కడ శంకుస్థాపన చేశారు. అనుకున్న ఫ్యాక్టరీ అనుకున్నట్టు రాలేదు. దాన్ని నమ్మి పక్కన అనుబంధ యూనిట్ల కోసం స్థలాలు కొన్నవాళ్లు నాకు తెలుసు. పెద్ద కంపెనీ వస్తోందని దాని పక్కన చోటు ఎంచుకునేటప్పుడు శిలాఫలకాన్ని కాదు, లోపల నడుస్తున్న యంత్రాన్ని చూడండి.

ఆఫీసు సంగతి

ఫ్యాక్టరీ తేలాక హెడ్డాఫీసు ఎక్కడన్నది మనుషుల్ని బట్టి తేలుతుంది. తయారీ కంపెనీ, నూట యాభై కోట్ల లోపు అమ్మకాలు, యజమాని ఇక్కడివాడే అయితే ఆఫీసు కూడా తిరుపతిలోనే ఉంచండి. అద్దె తక్కువ. అకౌంట్ల వాళ్లు ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నుంచి దొరుకుతారు, రెండేళ్లకే బెంగళూరు పారిపోరు. హైదరాబాదుకు విమానం ఉంది, 2023 నుంచి వందే భారత్ ఉంది. ఇంకో సంగతి, మీటింగు తిరుపతిలో అంటే ఏ కస్టమరూ రాననడు. కాకపోతే ఎజెండా కన్నా ముందు దర్శనం టికెట్టు అడుగుతాడు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఆడిటర్లను పిలవకండి, గది దొరక్క మీరే మీ ఇంట్లో పడుకోబెట్టుకోవాలి.

సాఫ్ట్‌వేర్ మనుషులు, ఎగుమతి సేల్స్ వాళ్లు, పెట్టుబడిదారులతో వారం వారం కలిసే పని, ఇవి ఉంటే ఆఫీసు చెన్నైలోనో హైదరాబాదులోనో పెట్టండి. అక్కడ రాయితీ రాదు, కానీ సీనియరు మనిషి వస్తాడు. బెంగళూరు పేరు చెప్పినప్పుడు మాత్రం ట్రాఫిక్కు కూడా లెక్కలో వేయండి. 2025 సెప్టెంబరులో లారీల రవాణా యాప్ నడిపే బ్లాక్‌బక్ కంపెనీ అధినేత రోడ్ల బాధ భరించలేక బెళ్లందూరు నుంచి ఆఫీసు మార్చేస్తామని రాస్తే, మంత్రి లోకేశ్ విశాఖకు రమ్మని పిలిచారు. చివరికి కంపెనీ బెంగళూరులోనే ఉంటామంది. రాయితీతో పిలిచినా మనుషులున్న ఊరు వదలడం అంత తేలిక కాదు.

రిజిస్టర్డ్ ఆఫీసును మాత్రం ఊరికే కదపకండి. రాష్ట్రం మార్చాలంటే ప్రత్యేక తీర్మానం, పత్రికా ప్రకటన, అప్పులిచ్చినవాళ్లకు నోటీసు, రీజనల్ డైరెక్టరు అనుమతి, నెలల పని. దానివల్ల రాయితీ రూపాయి పెరగదు.

పోయినేడు చిత్తూరు నుంచి ఒక గుజ్జు యూనిట్ ఆయన వచ్చాడు. కృష్ణగిరిలో ఎవరో పాత పల్పర్లు (గుజ్జు తీసే యంత్రాలు) చవగ్గా ఇస్తున్నారని, అవి కొని యూనిట్ పెంచితే సబ్సిడీ ఎంతొస్తుందని అడిగాడు. వాడిన యంత్రాలు సబ్సిడీ పెట్టుబడి లెక్కలోకి రావన్నాను. "అయితే కొత్తవే కొంటా" అన్నాడు. కాయితం మీద రెండు నిలువు గీతలు గీశాం. కొత్తవి కొని సబ్సిడీ కోసం ఆగడం ఒక వైపు, పాతవి కొని సబ్సిడీ మర్చిపోవడం ఇంకో వైపు. పాతవే చవక పడ్డాయి. నాకు రావాల్సిన ఫీజు పోయింది. సీజనులో ఒక డబ్బా గుజ్జు పంపించాడు.